లాంగే కొండలు: ఒక ఇటలీ ద్రాక్ష సీమ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

ఇటలీ వైన్ అంటే చాలామందికి ముందు టస్కనీ గుర్తొస్తుంది. ఈ ప్రశ్నలు వాయవ్య ఇటలీలోని లాంగే గురించి. బరోలో, బర్బరెస్కో అనే ఖరీదైన వైన్లు వచ్చేది అక్కడి నుంచే. సీసాల రుచుల గురించి రాసేవాళ్లు చాలామంది ఉన్నారు కాబట్టి ఇక్కడ నేల గురించి, సాగు గురించి, ఆ వాలుల మీద వంగి పనిచేసిన మనుషుల గురించే ఎక్కువ చెబుతాను.

లాంగే సరిగ్గా ఎక్కడ ఉంది?

పియెమోంతే ప్రాంతంలో, తొరీనో నగరానికి ఆగ్నేయంగా ఉంది. ముఖ్య పట్టణం ఆల్బా. దాని పక్కనే తనారో నది పారుతుంది. నదికి దక్షిణాన ఉన్నది లాంగే, అవతలి ఒడ్డున ఉన్నది రొయేరో. తూర్పుకు వెళ్తే మోన్‌ఫెర్రాతో కొండలు మొదలవుతాయి. ఆకాశం తేటగా ఉన్న రోజున పడమటి వైపు మంచు కప్పిన ఆల్ప్స్ పర్వతాలు వరుసగా కనిపిస్తాయి.

ఈ కొండలు ఎలా ఏర్పడ్డాయి? నేల ఎలాంటిది?

ఇది ఒకప్పటి సముద్రపు అడుగు. కోటి ఏళ్ల కిందట ఇక్కడ నీళ్లే. అడుగున పేరుకున్న సన్నటి బురద, సున్నం, ఇసుక పొరలు పైకి లేచి కొండలయ్యాయి. దగ్గర్లోని ఆస్తి పట్టణం చుట్టుపక్కల తిమింగలాల శిలాజాలు కూడా దొరికాయి.

తరవాతి పని నదిది. తనారో మొదట్లో బ్రా పట్టణం దగ్గర నుంచి ఉత్తరానికి పారేది. కొన్ని లక్షల ఏళ్ల కిందట దారి మార్చుకుని తూర్పుకు తిరిగింది. కొత్త దారి పల్లంలో ఉండటంతో నది, దాని వాగులు మెత్తటి నేలను లోతుగా కోసేశాయి. లాంగేలో కనిపించే నిటారు వాలులు, కత్తి అంచులా సాగే కొండ శిఖరాలు, రొయేరోలో కూలిపోయినట్టు నిలబడిన ఇసుక లోయలు అలా పుట్టినవే.

రైతుకు కావలసిన తేడాలు ఇందులోనే ఉన్నాయి. లా మోర్రా, బరోలో ఊళ్ల వైపు నీలి బూడిద రంగు సున్నపు బంకమట్టి ఎక్కువ. సెర్రలుంగా వైపు నేల ఇంకా పాతది, ఇసుకరాయి పొరలు కలిసి గట్టిగా ఉంటుంది. రెండు చోట్లా నాటేది నెబ్బియోలో అనే ఒకే ద్రాక్ష రకం. అయినా సెర్రలుంగా వైన్ మెత్తబడటానికి మరిన్ని ఏళ్లు పడుతుందని అక్కడివాళ్లు తరతరాలుగా చెబుతారు. రొయేరో ఇసుక నేలలో అదే నెబ్బియోలో తేలికైన, త్వరగా తాగదగ్గ వైన్ ఇస్తుంది.

ఏ వాలు మీద ఏ పంట వేయాలో ఎలా తేలింది?

మంచు చెప్పింది. చలికాలం చివర ఏ వాలు మీద మంచు ముందుగా కరుగుతుందో అక్కడ నెబ్బియోలో నాటాలని పాతకాలపు లెక్క. అలాంటి ఎండ వాలును స్థానిక మాటలో సొరీ అంటారు, కొండ నెత్తిని బ్రిక్కో అంటారు. సీసాల మీద ఈ రెండు మాటలూ ఇప్పటికీ కనిపిస్తాయి.

నెబ్బియోలో ఏప్రిల్‌లో అందరికంటే ముందు చిగురిస్తుంది, అక్టోబరు వచ్చేదాకా పండదు. ఇంత ఎక్కువ కాలం ఎండ కావాలి కాబట్టి దక్షిణం, నైరుతి ముఖంగా ఉన్న మంచి వాలు దానికే. అంతకంటే కాస్త తక్కువ స్థాయి చోట్లు బార్బెరా అనే ఇంకో ద్రాక్ష రకానికి. చల్లటి ఎత్తైన చోట్లు దోల్చెత్తో అనే మరో రకానికి, ఎందుకంటే అది సెప్టెంబరులోనే పండుతుంది. ఉత్తరం వాలు మీద హేజల్‌నట్ చెట్లు, అడవి. అడుగున తేమ నిలిచే చోట పచ్చిక, మొక్కజొన్న, వాగుల వెంట పోప్లర్ చెట్లు. దూరం నుంచి చూస్తే కొండంతా గళ్ల దుప్పటిలా ఉంటుంది. ఆ గళ్లలో ప్రతిదానికీ కారణం ఉంది.

ఈ అనుభవం ఇప్పుడు చట్టంలోకి ఎక్కింది. బరోలో అనే పేరు పెట్టాలంటే తోట 11 ఊళ్ల పరిధిలో, 170 నుంచి 540 మీటర్ల ఎత్తులో, వాలు మీద ఉండాలి. లోయ అడుగు, చదును నేల, నేరుగా ఉత్తరానికి తిరిగిన వాలు కుదరవు. 2010లో బరోలో సీమనంతా పేరుపేరునా విడదీసి 181 స్థలాలను అధికారికంగా నమోదు చేశారు. బర్బరెస్కో ఆ పని 2007లోనే చేసింది.

సంవత్సరం పొడవునా తోటలో ఏం పని ఉంటుంది?

అసలు కష్టం చలికాలంలో మొదలవుతుంది. ఆకు రాలిన తీగను డిసెంబరు నుంచి మార్చి వరకు కత్తిరిస్తారు. నెబ్బియోలోకు ఒక మొండితనం ఉంది. కొమ్మ మొదట్లో ఉండే రెండు మూడు మొగ్గలు గుత్తి వేయవు. పొట్టిగా కత్తిరిస్తే పంటే ఉండదు. అందుకని ఒక పొడవాటి కొమ్మను ఉంచి, మిగతావి తీసేసి, వచ్చే ఏటి కోసం రెండు మొగ్గల చిన్న మోడును వదులుతారు. ఏ కొమ్మ ఉంచాలో ప్రతి తీగ దగ్గరా నిలబడి ఆలోచించాల్సిందే. చేయి తిరిగిన మనిషికి ఇదంతా క్షణాల్లో తేలిపోతుంది. ఆ చూపు రావడానికి మాత్రం ఏళ్లు పడుతుంది.

ఉంచిన కొమ్మను వంచి ఇనుప తీగకు కట్టాలి. దీనికి పూర్వం విల్లో చెట్టు పుల్లలు వాడేవాళ్లు. వాటి కోసమే సాళ్ల చివర, వాగు ఒడ్డున విల్లో చెట్లు పెంచేవాళ్లు. గుంజలు చెస్ట్‌నట్ కర్రవి. అంటే తోటకు కావలసిన తాడు, కర్ర ఆ కొండల్లోనే దొరికేవి. ప్లాస్టిక్, సిమెంటు, ఉక్కు వచ్చాక ఆ చెట్లు చాలా చోట్ల పోయాయి. కొన్ని కుటుంబాలు ఇప్పటికీ విల్లో పుల్లలతోనే కడుతున్నాయి. నాకు ఆ పద్ధతి నిలవాలని ఉంది, ఎందుకంటే పుల్ల మట్టిలో కలిసిపోతుంది, ప్లాస్టిక్ ముక్క కలవదు.

వసంతంలో అక్కర్లేని చిగుర్లు గిల్లేస్తారు. బూజు తెగులు రాకుండా మందు కొడతారు. మన రైతులకు బాగా తెలిసిన బోర్డో మిశ్రమమే, మైలతుత్తం, సున్నం కలిపినది. పాత ఇళ్ల గోడల మీద ఆ నీలి మరకలు ఇంకా కనిపిస్తాయి. వేసవిలో ఆకులు పలచన చేస్తారు. వాలు నిటారుగా ఉండటంతో సాళ్లు ఎక్కువగా కొండకు అడ్డంగా, చుట్టుకుంటూ సాగుతాయి. వాన నీరు ఒక్కసారిగా కిందికి దూకకుండా సాళ్ల మధ్య గడ్డి పెంచుతారు. కోతంతా చేత్తోనే. చాలా వాలుల మీద యంత్రం నిలబడదు.

కాపుకొచ్చిన గుత్తులను కోసి కింద పడేస్తారట, నిజమేనా?

నిజమే. జులై, ఆగస్టుల్లో పచ్చి గుత్తుల్లో కొన్నింటిని కోసి నేల మీద వదిలేస్తారు. మిగిలిన వాటికి బలం వస్తుందని. బరోలోకు చట్టం ఒప్పుకునేది హెక్టారుకు 8 టన్నులు, అంటే ఎకరానికి సుమారు 32 క్వింటాళ్లు మాత్రమే.

1980ల్లో యువ రైతులు దీన్ని మొదలుపెట్టినప్పుడు ఇళ్లలో పెద్ద గొడవలే జరిగాయి. ఆకలి చూసిన తండ్రులకు కాయను నేలపాలు చేయడం మహాపాపం. కొడుకులు తెల్లవారుజామున ఎవరూ చూడకుండా కోసేవారని ఆ తరం వాళ్లు చెప్పుకుంటారు. అప్పుడే వైన్ నిలవ పెట్టడానికి చిన్న ఫ్రెంచ్ ఓక్ పీపాలు వాడాలా, తాతల నాటి పెద్ద పీపాలు వాడాలా అన్న తగాదా కూడా వచ్చింది. ఇప్పుడు అది చల్లబడింది. చాలామంది మధ్యేమార్గంలో ఉన్నారు. తండ్రుల కోపం మాత్రం నాకు అర్థమవుతుంది. కింది ప్రశ్న చదివితే మీకూ అర్థమవుతుంది.

ఇక్కడి రైతులు మొదటి నుంచి ధనవంతులేనా?

కాదు. ఇది చాలామంది నమ్మలేని విషయం. 20వ శతాబ్దం సగం గడిచేదాకా లాంగే అంటే పేదరికానికి పేరు. పెద్ద తోటలు కొన్ని జమీందారీ కుటుంబాలవి, రాజు కుటుంబానివి. ఇటలీ మొదటి రాజైన రెండో విత్తోరియో ఎమనుయేలే 1858లో ఫోంతనఫ్రెద్దా ఎస్టేటును కొన్నాడు. తరవాత ఇటలీ మొదటి ప్రధాని అయిన కవూర్ 1832 నుంచి 1849 వరకు గ్రింజానే ఊరికి మేయరు. బరోలో తీపి తగ్గి ఇప్పటిలాంటి వైన్‌గా మారింది ఆ కాలంలోనే.

మామూలు కుటుంబాల సంగతి వేరు. కొందరికి సొంతంగా చిన్న చెక్కలు, కొందరిది సగపాలు సాగు. పండినదాంట్లో సగం యజమానికి ఇవ్వాలి. ఇంట్లో తినే నోళ్లు ఎక్కువైతే పిల్లాడిని వేరే ఇంటికి ఏడాదికి పాలేరుగా పంపేవాళ్లు. కొత్తగా సగపాలు ఒప్పందాలు రాసుకోకూడదని ఇటలీ చట్టం చేసింది 1964లో.

19వ శతాబ్దం చివర నుంచి తెగుళ్లు వరసగా వచ్చిపడ్డాయి. ఆకు బూజు, ఆ తరవాత వేళ్లను తినే ఫిలాక్సెరా పురుగు. తోటలు మొత్తం పీకి అమెరికన్ ద్రాక్ష వేరు మీద అంటు కట్టి మళ్లీ నాటాల్సి వచ్చింది. అప్పు పుట్టనివాళ్లు అర్జెంటీనాకు, ఫ్రాన్స్‌కు పోయారు. రెండో ప్రపంచయుద్ధం తరవాత తొరీనో కార్ల ఫ్యాక్టరీలు మిగిలిన యువకులను లాగేశాయి. అమ్మాయిలు కొండ మీది కష్టానికి రామన్నారు. దాంతో 1950, 60ల్లో పెళ్ళిళ్ళ పేరయ్యలు బయల్దేరి, దక్షిణాన ఎక్కడో ఉన్న కలబ్రియా నుంచి వధువులను తెచ్చి లాంగే రైతులకు ముడిపెట్టారు. భాష రాదు, చలి తెలియదు. ఆ ఆడవాళ్లు వచ్చి ఆరిపోబోతున్న ఇళ్లను నిలబెట్టారు. లాంగే చరిత్ర చెప్పేటప్పుడు వాళ్ల పేరు మొదట చెప్పాలని నా అభిప్రాయం.

ఆల్బాలో 1946లో పుట్టిన ఫెర్రేరో చాక్లెట్ కంపెనీ మరో ఆసరా. కొండ ఊళ్లకు బస్సులు పంపి కూలీలను తీసుకెళ్లి తిరిగి దింపేది. ఉద్యోగం చేస్తూనే సొంత చెక్క వదలకుండా ఉండే వీలు దొరికింది. ఊళ్లు పూర్తిగా ఖాళీ కాకపోవడానికి ఇది పెద్ద కారణం.

చిన్న రైతులు దళారుల నుంచి ఎలా బయటపడ్డారు?

అందరూ బయటపడలేదు. ద్రాక్షను బుట్టల్లో ఆల్బా సంతకు తీసుకెళ్లి, వ్యాపారి చెప్పిన ధరకు ఇచ్చి రావడమే చాలా కాలం ఆనవాయితీ. కాయ నిలవ ఉండదు కాబట్టి సాయంత్రమయ్యేకొద్దీ ధర పడిపోయేది.

బర్బరెస్కో ఊరి కథ దీనికి జవాబులాంటిది. ఆల్బా వైన్ పాఠశాల అధిపతి దొమీజియో కవాత్సా 1894లో రైతులను కూడగట్టి సహకార సంఘం పెట్టాడు. ఫాసిస్టుల కాలంలో అది మూతపడింది. 1958లో ఊరి చర్చి ఫాదర్ ఫియోరీనో మరెంగో 19 మంది రైతులను మళ్లీ కలిపాడు. మొదట వైన్ చేసింది చర్చి కింది గదిలోనే. ఆ సంఘం ఈనాటికీ నడుస్తోంది. మంచి సంవత్సరాల్లో ఒక్కో వాలు కాయను విడిగా ఉంచి, ఆ వాలు పేరుతోనే సీసా చేస్తుంది. సహకార సంఘమంటే నాసిరకం అనే అపోహ ఉన్నవాళ్లు దీని గురించి తెలుసుకోవాలి.

మన ద్రాక్ష తోటలకు, అక్కడి తోటలకు పెద్ద తేడా ఏమిటి?

చలి. అక్కడ తీగ నాలుగైదు నెలలు పూర్తిగా నిద్రపోతుంది. మన దగ్గర ఆ చలి లేదు కాబట్టి హైదరాబాద్ చుట్టుపక్కల రైతులు ఏప్రిల్‌లో ఒకసారి, అక్టోబరులో ఒకసారి కత్తిరించి తీగను దారికి తెచ్చుకోవాలి. ఇక్కడ పందిరి మీద పెంచే అనాబ్-ఎ-షాహి తినే కాయ. పెద్ద పండ్లు, పెద్ద గుత్తులు, ఎక్కువ దిగుబడి కావాలి. నెబ్బియోలో పండు చిన్నది, తొక్క వగరు. తినడానికి అంత బాగుండదు.

భూగర్భంలో గదులు ఉంటాయని విన్నాం, అవేమిటి?

రెండు రకాలు. కనెల్లి పట్టణం కింద పెద్ద కంపెనీల సొరంగాలు కిలోమీటర్ల పొడవున ఉన్నాయి. మొస్కాతో ద్రాక్షతో ఇటలీలో మొదటి బుడగలు పొంగే వైన్ 1865లో గాంచా కుటుంబం చేసింది అక్కడే.

నాకు ఇంకా ఇష్టమైనవి మోన్‌ఫెర్రాతోలోని ఇన్ఫెర్నోత్‌లు. ఇంటి కింద మెత్తటి సున్నపు ఇసుకరాయిని చేత్తో తొలిచిన చిన్న గదులు. వెలుతురు రాదు, గాలి తిరగదు, వేడి మారదు. చలికాలంలో పొలం పని లేనప్పుడు రైతులు స్వయంగా చెక్కుకున్నారు. సీసాలు పెట్టే అరలు, మధ్యలో రాతి బల్ల అన్నీ అదే రాయిలోంచి. శిల్పులెవరూ రాలేదు, ప్లాన్ గీసినవాళ్లూ లేరు. చెల్లా మోంతే అనే ఊళ్లో కొన్నింటిని చూడనిస్తారు.

యునెస్కో గుర్తింపు ఎందుకు వచ్చింది?

2014లో లాంగే, రొయేరో, మోన్‌ఫెర్రాతో ద్రాక్ష భూదృశ్యం ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. ఆరు భాగాలు: బరోలో సీమ, గ్రింజానే కవూర్ కోట, బర్బరెస్కో కొండలు, నిత్సా మోన్‌ఫెర్రాతో బార్బెరా తోటలు, కనెల్లి, ఇన్ఫెర్నోత్‌లు ఉన్న మోన్‌ఫెర్రాతో. మొత్తం 10,789 హెక్టార్లు. మనుషులు, ద్రాక్ష కలిసి తరతరాలుగా మలచిన నేల అని గుర్తించారు. తోటల మధ్య పనిముట్లు దాచుకునే చిన్న ఇటుక గదులు, కొండ మీద కోట, చర్చి గోపురం కూడా ఆ లెక్కలోకే వస్తాయి.

ద్రాక్ష కాక ఇంకేం పండుతుంది?

పై లాంగే ఇంకా ఎత్తు, ఇంకా చలి. అక్కడ కోర్తెమీలియా అనే ఊరి చుట్టూ రాతి గోడలు కట్టి మెట్ల సాగు చేశారు. ఇప్పుడు హేజల్‌నట్‌దే రాజ్యం. స్థానిక రకం గుండ్రంగా, తొక్క తేలిగ్గా ఊడేలా ఉంటుంది. యుద్ధం తరవాత కోకో దొరకనప్పుడు ఫెర్రేరో ఈ గింజలనే ముద్దగా నూరి కలిపింది. రొట్టె మీద పూసుకునే ముద్దగా నుటెల్లా అనే పేరుతో సీసా 1964లో వచ్చింది. గొర్రె పాలతో చేసే మురత్సానో చీజ్ కూడా ఈ ఎత్తుల్లోదే.

తెల్ల ట్రఫుల్ మరో లోకం. ఓక్, పోప్లర్, విల్లో, లిండెన్ చెట్ల వేళ్లతో కలిసి భూమిలో పెరిగే శిలీంధ్రం. నమ్మకంగా సాగు చేసే పద్ధతి ఇంకా చేతికి రాలేదు. దాన్ని వెతికే వేటగాడు వాసన పట్టే కుక్కను తీసుకుని రాత్రిపూట వెళ్తాడు, తన చోటు పక్కవాడికి తెలియకూడదు. రొద్ది ఊళ్లో 1880 నుంచి కుక్కలకు శిక్షణ ఇచ్చే బడి ఉంది. ఇటలీ ట్రఫుల్ వేట విద్యకు 2021లో యునెస్కో గుర్తింపు వచ్చింది. అడవి కొట్టి ద్రాక్ష వేస్తే ట్రఫుల్ పోతుంది. అందుకే ట్రఫుల్ చెట్లను నరకకుండా ఉంచే యజమానులకు ప్రభుత్వం కొంత డబ్బు ఇస్తుంది.

ఇప్పుడు తోటల్లో పని చేసేది ఎవరు?

కుటుంబాలు ఉన్నాయి కానీ వాళ్లతో సరిపోదు. 1990ల నుంచి ఉత్తర మాసిడోనియా వాళ్లు ఎక్కువగా వచ్చారు. కనెల్లి లాంటి చోట్ల స్థిరపడి పిల్లల్ని పెంచుకుంటున్నారు. కత్తిరింపు విద్య ఇప్పుడు వాళ్ల చేతుల్లో కూడా ఉంది. కోత కాలంలో ఆఫ్రికా దేశాల నుంచి వచ్చినవాళ్లు కనిపిస్తారు.

ఇక్కడ చీకటి కోణం ఉంది. కొందరు మధ్యవర్తులు కూలిలో కోత పెట్టడం, నిద్రించడానికి చోటు కూడా చూపకపోవడం, పత్రాలు లేనివాళ్లను బెదిరించడం వంటివి పోలీసు దర్యాప్తుల్లో బయటపడ్డాయి. ఇలాంటి దోపిడీని శిక్షించే చట్టం 2016లో వచ్చింది. సీసా వందల యూరోలకు అమ్ముడయ్యే చోట కోసినవాడు రోడ్డు పక్క పడుకోవడం సిగ్గుచేటు. చాలామంది మంచి రైతులు కూడా ఈ మాటే అంటున్నారు.

వాతావరణ మార్పు ప్రభావం ఉందా? ఈ అందం నిలుస్తుందా?

ఉంది. ఒకప్పుడు అక్టోబరు చివరిదాకా సాగిన నెబ్బియోలో కోత ఇప్పుడు చాలా ఏళ్లలో సెప్టెంబరు చివరే మొదలవుతోంది. తాతల కాలంలో పండుతుందో లేదో అని టెన్షన్ పడేవాళ్లు, ఇప్పుడు ఎండకు కాయ మాడుతుందేమో అని పడుతున్నారు. 2022లో కరువు వణికించింది. వడగళ్ల భయం ఎప్పుడూ ఉన్నదే. చాలా తోటలకు ఇప్పుడు వలలు కడుతున్నారు. 1994 నవంబరు వరదల్లో తనారో లోయలో, ఆ చుట్టుపక్కల 70 మంది చనిపోయారు. వాలులు కూడా జారిపడ్డాయి. దీనికి తోడు రసం పీల్చే ఒక చిన్న పురుగు వల్ల పాకే పసుపు తెగులు. మందు లేదు, సోకిన తీగను పీకేయాలి. పురుగు మీద మందు కొట్టడం రైతులందరికీ తప్పనిసరి చేశారు. తేనెటీగల కోసం పూత సమయంలో మాత్రం కొట్టకూడదు.

నాకు ఇంకా పెద్ద దిగులు డబ్బు గురించి. బరోలో తోట ధర హెక్టారుకు 10 లక్షల యూరోలు ఎప్పుడో దాటింది. సొంత తాత నాటిన వాలును అన్నదమ్ముల నుంచి కొనుక్కోలేని స్థితి. బయటి పెట్టుబడి వస్తోంది. అడవి, పచ్చిక, పండ్ల చెట్లు ఉన్న చోట కూడా ద్రాక్షే వేస్తున్నారు. గళ్లు గళ్లుగా ఉన్న కొండ ఒకే గడిగా మారుతోంది. చెట్లు పోతే పిట్టలు పోతాయి, నేల జారుతుంది. ఊళ్లో ఇళ్లు పర్యాటకులకు అద్దెకు పోతే అక్కడ పుట్టిన పిల్లలకు ఇల్లు దొరకదు. ఇవన్నీ అక్కడి మున్సిపల్ సమావేశాల్లో గట్టిగా చర్చకు వస్తున్న విషయాలే.

వైన్ తాగనివాళ్లు, శాకాహారులు వెళ్లొచ్చా?

తప్పకుండా. నడవడానికి తోటల మధ్య గుర్తులు పెట్టిన దారులు ఉన్నాయి. భోజనం దగ్గర జాగ్రత్త: చిన్న ముడతల పాస్తా ప్లిన్‌లో మాంసం ఉంటుంది, బాన్యా కౌదా అనే వెల్లుల్లి పులుసులో ఆంచోవీ చేప కలుస్తుంది. గుడ్డు తినేవాళ్లు సన్నటి తాయరిన్ పాస్తాను వెన్నతో అడగొచ్చు. చీజ్‌లు, హేజల్‌నట్ కేకు, ద్రాక్షరసం, పండ్లు కలిపి గంటల తరబడి కాచిన కుణ్యా పచ్చడి బాగుంటాయి.

ఈస్టర్ ముందు వారాల్లో వెళ్తే కొన్ని ఊళ్లలో ‘కాంతే యోవ్’ చూడొచ్చు. రాత్రిపూట వాయిద్యాలతో ఇంటింటికీ వెళ్లి పాడి గుడ్లు అడిగే పాత ఆచారం. అక్టోబరు, నవంబరుల్లో ఆల్బా ట్రఫుల్ సంత జరుగుతుంది, గదులు ముందే బుక్ చేసుకోవాలి.

తోటల్లోకి దిగి ఫొటోలు తీసుకోవచ్చా?

కంచె లేదు కదా అని సాళ్లలోకి వెళ్లొద్దు, అది ఎవరిదో పొలం. గుర్తు పెట్టిన దారిలోనే నడవండి. మందు కొట్టిన రోజుల్లో దూరంగా ఉండండి. గుత్తి తెంపొద్దు. కోత రోజుల్లో ఇరుకు రోడ్ల మీద ట్రాక్టరు ఎదురైతే పక్కకు ఆగి దారివ్వండి, దానిలో ఉన్నది ఆ కుటుంబం ఏడాది సంపాదన. ఏదైనా తోట లోపల చూడాలనిపిస్తే ముందు రోజు ఫోన్ చేసి అడగండి. చిన్న రైతులు చాలామంది సంతోషంగా చూపిస్తారు. ఫిబ్రవరిలో కత్తిరింపు సమయంలో రమ్మంటే ఇంకా మంచిది.